సాయంత్రానికే వచ్చిన జనవరి

పోయిన డిసెంబరు ఆఖరి రాత్రి, పన్నెండు కొట్టడానికి కాస్త ముందు, అపార్ట్‌మెంటు జనమంతా డాబా మీద చుట్టూ నిలబడి చూస్తుండగా, బన్ను బాబాయి కేకులోకి నిద్రపోయాడు.

పడిపోయాడని కొందరంటారు. అది నిజం కాదు. పడిపోయే మనిషి చేతులాడిస్తాడు, పక్కవాడి చొక్కా అయినా పట్టుకోబోతాడు. బాబాయి అలాంటిదేమీ చెయ్యలేదు. బల్ల ముందు చేతులు కట్టుకుని మర్యాదగా నిలబడ్డవాడు మర్యాదగానే ముందుకి వంగి, కుడి చెంప కేకు మీద ఆనించి, ఒక చల్లని నిట్టూర్పు విడిచి, గుర్రు మొదలుపెట్టాడు. కేకు ఆయన చేసిందే కనుక మెత్తదనానికి లోటు లేదు. క్రీముతో వేసిన గులాబీ ఒకటి చెవిలోకి వెళ్ళింది. పన్నెండు దాటాక నలుగురూ కలిసి లేపితే లేచి, చుట్టూ ఓసారి చూసి, "ట్రేలు తీశారా?" అని అడిగాడు.

ఎవరో ఫోన్లో వీడియో తీశారు. ఎవరో అంటే, అందరూ.

ఆయన కాపురం ఆ అపార్ట్‌మెంటులోనే, బేకరీ మాత్రం దానికి ఎదురుగా సందు మొదట్లో ఉంటుంది. చిన్న కొట్టు. ముందు అద్దాల బల్ల, వెనక పిండి కలిపే గది, ఆ వెనక ఇటుకల బట్టీ. ఊరంతా రెండో పక్కకి తిరిగి దుప్పటి లాక్కునే వేళకి ఆయన లేచి పిండి కలుపుతాడు. తెల్లారేసరికి బ్రెడ్డు, ఆ తరవాత బన్నులు, ఎండెక్కాక బిస్కెట్లు. చిన్నప్పుడు బన్ను కోసం ఏడ్చిన పిల్లలు పెట్టిన పేరు బన్ను బాబాయి. ఆ పిల్లలకి మీసాలొచ్చినా పేరు పోలేదు. ఆయనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా బాబాయ్ అనే పిలుస్తారు. దాంతో ఆయన భార్య బన్ను పిన్ని అయింది. మెయిన్ రోడ్డులో సొంత బ్యూటీ పార్లరు నడుపుతూ, నలుగురికీ సన్నబడే చిట్కాలు చెప్పే మనిషికి ఆ పేరు ఎంత గుచ్చుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు.

అంత పెందలాడే లేచే మనిషికి రాత్రి ఎనిమిది దాటితే ఒళ్ళు ఆయన మాట వినదు. ఎక్కడుంటే అక్కడే. తన పెళ్ళి విందులో పెళ్ళికూతురి భుజం మీద తల వాల్చి నిద్రపోతే, అబ్బ ఎంత ప్రేమో అని ఫొటోగ్రాఫరు ముచ్చటపడి ఫొటో తీశాడు. అది ఇప్పటికీ హాల్లో ఉంది. చూసిన చుట్టాలు మురిసిపోతారు. పిన్ని మాత్రం దుమ్ము దులిపేటప్పుడు ఆయన మొహం దగ్గర గుడ్డని కాస్త గట్టిగా రుద్దుతుంది. సినిమాలకి తీసుకెళితే ఇంటర్వెల్ దాకానే. ఆ లెక్కన ఆయనకి తెలిసినంతవరకూ ఏ సినిమాలోనూ విలన్ చావలేదు, హీరోకి పెళ్ళి కాలేదు. అయినా ఆయనకేం బాధ లేదు. "పాపం, ఇంకా తిరుగుతున్నారన్నమాట," అంటాడు.

పిన్నికి బాధల్లా ఒక్క రాత్రి గురించే. ఏడాదంతా పొరుగువాళ్ళ కనుబొమలు దిద్దే మనిషికి తన కోసం తను తయారయ్యే రోజు ఆ ముప్పై ఒకటే. కొత్త చీర కట్టుకుని డాబా ఎక్కుతుంది. పాటలు, కుర్చీలాట, చివర్లో కేకు. పన్నెండు కొట్టగానే మిగతా ఆడవాళ్ళ పక్కన మొగుళ్ళుంటారు. ఏం మాట్లాడాలో తెలియక, పరాయి పెళ్ళికొచ్చినట్టు చెయ్యి కలిపి, "ఆఁ, మరి, హ్యాపీ న్యూ ఇయర్," అంటారు. అంతకంటే ఏమీ ఉండదు. ఆ మాత్రం కూడా పిన్నికి లేదు. పెళ్ళైన దగ్గర్నుంచీ కొత్త సంవత్సరం వచ్చినప్పుడల్లా ఆవిడ పక్కన నిలబడింది నీళ్ళ ట్యాంకు.

దానికి తోడు ఆ సగం బన్ను. ఏటా ఒకటో తారీకు పొద్దున్న ఆవిడ పార్లరుకి పట్టుకెళ్ళే టిఫిన్ డబ్బాలో ఒక బన్ను ఉంటుంది, సరిగ్గా సగానికి తుంచింది. మిగతా సగం ఏమైందో ఆవిడ అడగదు, ఆయన చెప్పడు. "బేకరీ ఓనరు పెళ్ళాన్ని, ఏడాది మొదటి రోజున సగం బన్నుకి నోచుకున్నాను," అని పార్లరులో కళ్ళు మూసుకుని కూర్చున్న వాళ్ళందరికీ చెప్పుకునేది. మొహాలు ఆవిడ చేతుల్లో ఉండేవి కనుక వాళ్ళకి నవ్వు దాచుకునేందుకు వీలుండేది కాదు.

పోయినేడు మొదటిసారిగా ఆయన్ని బతిమాలి డాబా ఎక్కించింది. ఎక్కించినందుకు కేకైంది.

మర్నాడు పిన్ని దూదిపుల్లతో ఆయన చెవిలోంచి గులాబీ తీస్తూ నెమ్మదిగా చెప్పింది.

"వచ్చే ఏడు కొత్త సంవత్సరం వచ్చేటప్పుడు మీరు కళ్ళు తెరుచుకుని నా పక్కన నిలబడాలి. అలాగైతేనే నేను డాబా ఎక్కుతాను. లేకపోతే ఇంక జన్మలో ఎక్కను. బట్టలు కూడా బాల్కనీలోనే ఆరేస్తాను."

"అలాగే," అన్నాడు బాబాయి. ఆవిడ కోపంగా చెప్పి ఉంటే ఆయనకంత భయం వేసేది కాదు. ముప్పై ఒకటి కోసం ఆవిడ నవంబరులోనే చీర కొని, బీరువాలో పెట్టి, మధ్యమధ్యలో తీసి చూసుకోవడం ఆయనెరుగును. తన నిద్ర మూలాన ఆ చీర బీరువాలోనే ఉండిపోతే తనకి అన్నం సయించదని కూడా ఎరుగును.

ఇక్కడ ఈల సార్ గురించి చెప్పుకోవాలి. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. అపార్ట్‌మెంటుకి సెక్రటరీ. ఉద్యోగం దిగినా ఈల దిగలేదు. ముప్పై ఒకటి రాత్రి పాత సంవత్సరాన్ని ఒక ఈలతో సాగనంపి, కొత్తదాన్ని ఇంకో ఈలతో లోపలికి రానిచ్చేది ఆయనే. ఈల వినపడేదాకా కేకు మీద చెయ్యి పడకూడదు. పది దాటిన దగ్గర్నుంచీ ఫ్లాస్కుతో కాఫీ పట్టుకుని డాబా చుట్టూ పచార్లు చేస్తాడు. చలికోసం అంటాడు. కూర్చుంటే నిద్రపోతానని ఎవరికీ చెప్పడు.

ఆమాటకొస్తే ఎవరూ చెప్పరు. మూడో అంతస్తు లాయరుగారు మఫ్లరులోకి ఆవలిస్తాడు. ఆయన భార్య ఆవలింత సగంలో ఉండగా దాన్ని నవ్వుగా మార్చే విద్యలో ఆరితేరింది. డాబా మీద ప్రతి ఒక్కరికీ మంచం కళ్ళ ముందు ఆడుతూనే ఉంటుంది. కానీ "నేను పడుకుంటాను" అన్నవాడు ముసలివాడైపోయినట్టు లెక్క. అందుకని అందరూ పక్కవాడి మెలకువ చూసి మెలకువగా ఉంటారు.

బాబాయి అక్టోబరులోనే సాధన మొదలుపెట్టాడు. ముందు మధ్యాహ్నం పడుకుని చూశాడు. వెలుతురులో కన్ను మూతపడే అలవాటు లేక, ఫ్యాను వంక చూస్తూ సాయంత్రం చేశాడు. తరవాత చిక్కటి కాఫీ తాగి చూశాడు. కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి, మనిషి నిద్రపోయాడు. పగలంతా కొట్లో బల్ల దగ్గర కూర్చునేది ఆయన అక్క. ఆవిడ వైద్యం వేరు.

"ఒరేయ్, ఉల్లిపాయ ముక్క కళ్ళ దగ్గర పెట్టుకో. ఇంక నిద్రేమిటి, నిద్ర తాత కూడా రాడు," అంది.

పెట్టుకున్నాడు. ఏడుస్తూ నిద్రపోయాడు.

ఈ సాధన ఫలితం మొదట బ్రెడ్డులో తేలింది. ఒకరోజు ఉప్పు రెండుసార్లు పడింది, ఇంకోరోజు అసలు పడలేదు. ఒక పూట బన్నులు పొంగకుండానే బట్టీలోకి వెళ్ళి, పేపర్‌వెయిట్లలా బయటికొచ్చాయి.

లాయరుగారు ఒకటి చేత్తో తూచి చూసి, "బాబాయ్, నీ బన్నుకి నిద్ర చాలినట్టు లేదు," అన్నాడు.

"పోనీ ఒకటో తారీకు కొట్టు మూసెయ్యరా. హాయిగా తెల్లారేదాకా పడుకోవచ్చు," అంది అక్క.

"ఎలా మూస్తానక్కా? ఆ పొద్దున్న ఎవరింట్లోనూ పొయ్యి వెలగదు. అందరూ నిద్రమొహాలతో మన బ్రెడ్డు కోసమే వస్తారు."

"అయితే మీ ఆవిడతో ఉన్నమాట చెప్పెయ్. నావల్ల కాదు తల్లీ అని."

"అది మాత్రం చెప్పలేను."

"ఏం, కొడుతుందా?"

"కొట్టదు. వెళ్ళి ట్యాంకు పక్కన నిలబడుతుంది. లేదంటే ఇంట్లో కూర్చుంటుంది. రెండూ చూడలేను."

అక్క అద్దాల బల్ల తుడిచినచోటే మళ్ళీ తుడిచింది.

ముప్పై ఒకటి రానే వచ్చింది. డాబా మీదకి పెద్ద కేకు తయారైంది. ఈసారి బాబాయి గులాబీలు వెయ్యలేదు, ముందుజాగ్రత్త. పొద్దుగూకుతుండగా, "నువ్వు గోడకి ఆనుకోకు, బల్లకి ఆనుకోకు, మనుషులకి అసలే ఆనుకోకు," అని చెప్పి అక్క ఇంటికి వెళ్ళిపోయింది.

బాబాయి వెనక గదిలో ఒక్కడే మిగిలాడు. ఏ రోజైనా ఆయనకి ఆ వేళ చెయ్యాల్సిన పనులు రెండుంటాయి. ఆ రోజు పిండిలోంచి పక్కన పెట్టిన పాత ముద్దని కొత్త పిండిలో కలిపి, తడిగుడ్డ కప్పి, రాత్రంతా పొంగడానికి వదలాలి. అది కాగానే బ్రెడ్డు కవర్ల మీద తేదీ ముద్ర కొట్టాలి. తెల్లవారుజామున రెండు చేతులూ పిండిలో ఉంటాయి కనుక మర్నాటి తేదీ ముందురోజు సాయంత్రమే కొట్టేసుకుంటాడు. అసలు ఆ ముద్ర పెట్టించింది ఈల సారే. కొట్టు తెరిచిన కొత్తల్లో, "నిన్నటి బ్రెడ్డు అంటగట్టావు, తేదీ లేని సరుకు టిక్కెట్టు లేని ప్రయాణం లాంటిది," అని సందంతా వినపడేలా గొడవ చేశాడు. ఆ రోజే బాబాయి తేదీలు తిప్పుకునే ముద్ర కొన్నాడు.

ముద్ద కలిపి గుడ్డ కప్పుతుండగా పిన్ని వచ్చింది. ఏటా ఆ వేళకి పార్లరు కిటకిటలాడుతూ ఉండేది. ఈసారి మొగుడికి కాపలా కాయడానికని పార్లరుకి తాళం వేసి వచ్చేసింది. కొత్త చీర, తలలో పూలు. చేతిలో ఒక పెద్ద పిన్నీసు.

"అదెందుకు?" అన్నాడు బాబాయి.

"మీ కోసమే. కన్ను మూతపడితే గుచ్చుతాను. మొహమాటపడను."

"సరే," అని ఆయన పిండి దులిపి ఒక స్టూలు వేశాడు. ఆవిడ కూర్చుంది. ఆ గదిలో ఆ వేళప్పుడు ఆవిడ కూర్చోవడం అదే మొదలు. బట్టీ ఇంకా వెచ్చగా ఉంది. గుడ్డ కింద ముద్ద ఊపిరి పీల్చినట్టు మెల్లగా కదులుతోంది.

బాబాయి కవర్ల కట్ట తీసి, ముద్ర అందుకున్నాడు. రోజు చక్రం తిప్పాడు. నెల చక్రం తిప్పాడు. సంవత్సరం చక్రం తిరగలేదు. ఏడాదికోసారి తిప్పేది, సిరా గడ్డకట్టి బిగుసుకుపోయింది. గోరుతో లాగాడు, పంటితో లాగబోయాడు.

"ఏదీ, ఆ పిన్నీసు ఇలా ఇవ్వు."

ఇచ్చింది. పిన్నీసు మొనతో సందులో కెలికితే చక్రం టక్కున తిరిగింది. ఒక కవరు మీద ముద్ర కొట్టాడు. కొత్త తేదీ, కొత్త నెల, కొత్త సంవత్సరం. నోటితో ఉఫ్‌మని ఊది ఆరబెట్టాడు. ఆ పైన చేతులు కడుక్కుని, ట్రేలోంచి ఒక బన్ను తీసి, సగానికి తుంచి, ఒక సగం తినడం మొదలుపెట్టాడు. రెండో సగాన్ని శుభ్రమైన కాగితంలో చుట్టబోయి, ఎదురుగా భార్య ఉందని గుర్తొచ్చి ఆగిపోయాడు.

పిన్ని ఆ సగం బన్ను వంక చూసింది. ఆ తుంచిన తీరు ఆవిడకి బాగా తెలుసు.

"అది రేపు నా డబ్బాలోకా?"

"ఆఁ."

"ఏటా ఇలాగే చేస్తున్నారా?"

"సంవత్సరం మార్చాక ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలి కదా, అని. ఒక్కడినే తినడం బాగోదని నీ వాటా తీసి పెడతాను."

"పొద్దున్న చెప్పచ్చుగా."

"పొద్దున్న నువ్వు పడుకుని ఉంటావు. నువ్వు లేచేసరికి నేను బట్టీ దగ్గరుంటాను." చేతిలోని కాగితం మడిచి, "బ్రెడ్డు పనిలో అంతేనే. రేపటిది ఇవాళ సాయంత్రమే మొదలవుతుంది. నాకు కొత్త సంవత్సరం ఏటా ఇప్పుడే వచ్చేస్తుంది. ఇంక పన్నెండింటికి నాకు మిగిలేదేం ఉండదు," అన్నాడు.

"మరి నన్నెందుకు పిలవలేదు?"

"ఇక్కడేముందని? పాటలా, కుర్చీలాటా? ఈల కూడా లేదు."

పిన్నికి సగం బన్ను గురించి పార్లరులో ఎంతమందితో ఏమేమి చెప్పిందో ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టుంది. లేచి, చీర కుచ్చిళ్ళు పిండికి తగలకుండా పైకి దోపుకుని, వచ్చి ఆయన పక్కన నిలబడింది. ఆయన మొహంలోకి వంగి చూసింది. రెండు కళ్ళూ బార్లా తెరిచి ఉన్నాయి.

"ముద్ర ఇటివ్వండి."

ఒక కవరు మీద కొట్టింది. కాస్త వంకరగా పడింది. "ఆఁ, మరి, హ్యాపీ న్యూ ఇయర్," అన్నాడు బాబాయి, చెయ్యి చాపి. ఆవిడ చెయ్యి కలిపింది. ఇద్దరికీ అంతకంటే ఏం మాట్లాడాలో తెలియలేదు. నవ్వొచ్చింది. ఆవిడ తన సగం బన్ను అక్కడే నిలబడి తినేసింది.

అంతట్లో కేకు మోసుకెళ్ళడానికి లాయరుగారూ ఆయన భార్యా వచ్చారు. లోపల ఇద్దరూ నవ్వుతుండటం చూసి గుమ్మంలోనే ఆగారు.

"ఏమిటి పిన్నీ, విశేషం?" అంది లాయరుగారి భార్య.

"మాకు వచ్చేసిందమ్మా కొత్త సంవత్సరం. ఇదిగో ముద్ర. కావాలంటే మీరూ ఓ కవరు కొట్టుకోండి."

లాయరుగారు కవరుని దీపం దగ్గర పెట్టి ఒకటికి రెండుసార్లు చదివాడు. మఫ్లరులోకి ఒకసారి ఆవలించాడు. "తేదీ ఉంది, ముద్ర ఉంది," అన్నాడు. "దీన్ని కాదనాలంటే చాలా వాదించాలి. నాకంత ఓపిక లేదు."

ఆయనొకటి కొట్టాడు, భార్యొకటి కొట్టింది. చెయ్యి కలుపుకున్నారు. ఆవిడ ఫోను తీసి ఒకటో అంతస్తు వదినకి చెప్పింది. చీకట్లో చీమలకి చక్కెర కనిపించడానికి ఎంతసేపు? కాసేపటికి పిండి గది నిండిపోయింది. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, బీపీ మాత్రలవాళ్ళు, పొద్దున్నే నడకకి వెళ్ళేవాళ్ళు, అందరూ వరసలో నిలబడి తలా ఒక కవరు మీద ముద్ర కొట్టారు. ఎవరో పాత పాట ఎత్తుకుంటే పిన్ని రెండో చరణం అందుకుంది. పెద్ద కేకు ముట్టుకోవడానికి ధైర్యం చాలక ట్రేలో ఉన్న బన్నులన్నీ సగాలు చేసి పంచుకున్నారు.

ఆ తరవాత ఒక్కొక్కరికీ పనులు గుర్తొచ్చాయి. ఒకరికి తలనొప్పి. ఒకరు ఇంట్లో పాలు చూసుకోవాలన్నారు. "ఇప్పుడే వచ్చేస్తాం, పైన కలుద్దాం," అని అందరూ చెప్పుకున్నారు. లాయరుగారు కేకుని పైకి చేర్చి, బల్ల మీద పెట్టి, అదే ఊపులో మెట్లు దిగి ఇంట్లోకెళ్ళి తలుపు వేసుకున్నాడు. కుర్రకారు ఎలాగూ ఊరి మీద పడింది. ఎనిమిదింటికి బాబాయి కన్ను మూతపడేసరికి పిన్ని పిన్నీసుని తన చీర కొంగుకే పెట్టేసుకుంది.

పన్నెండింటికి ఈల పడిందనే చెబుతారు. రెండు ఈలలూ పడ్డాయట. ఆ వేళ ఈల సార్ పక్కన నిలబడింది మాత్రం నీళ్ళ ట్యాంకే.

తెల్లారాక బేకరీ ముందు జనం చేరారు. ఏటా నిద్రమొహాలతో వచ్చేవాళ్ళు ఈసారి మొహాలు కడుక్కుని, తల దువ్వుకుని వచ్చారు. పిన్ని ఆ పూట ఆడపడుచు పక్కన బల్ల దగ్గర నిలబడి బ్రెడ్డు అందిస్తోంది. కవర్ల మీద ముద్రలు ఒకటి వంకరగా, ఒకటి తలకిందులుగా, ఒకటి రెండుసార్లు పడి ఉన్నాయి. "నాది నాకివ్వండి, నేను కొట్టింది," అని లాయరుగారి భార్య వెతుకుతోంది.

అందరి వెనక నుంచి ఈల సార్ వచ్చాడు. కళ్ళు రెండూ సిగ్నల్ దీపాల్లా ఎర్రగా ఉన్నాయి. మెడలో ఈల అలాగే ఉంది. జనం దారిచ్చారు. ఎవరూ ఆయన మొహంలోకి చూడలేదు. లాయరుగారు రస్కుల సీసాని మహా శ్రద్ధగా పరిశీలించసాగాడు.

"బాబాయ్ ఎక్కడ?"

బాబాయి లోపల్నుంచి అప్పుడే దించిన ట్రేతో వచ్చాడు.

"ఏమయ్యా," అన్నాడు ఈల సార్. గొంతు బొంగురుపోయింది. "బండి టైముకి ముందు స్టేషను వదిలితే ఎంత తప్పో తెలుసా? నేను పైన ఒంటిగాడిలా నిలబడి ఈల వేశాను. ఎక్కేవాడు లేడు, దిగేవాడు లేడు. కేకు నేనే కోసుకుని నేనే తిన్నాను. ఎవరి పక్కన ఎవరు నిలబడితే నాకెందుకు గానీ, రేపు రావాల్సిన సంవత్సరాన్ని ముందురోజు సాయంత్రమే తెచ్చెయ్యడానికి నీకు అధికారం ఎవరిచ్చారు?"

బాబాయి ఒక బ్రెడ్డు తీసి, ముద్ర సరిగ్గా పడిన కవరు చూసి, అందులో పెట్టి ఆయన చేతికిచ్చాడు.

"అది కూడా నిన్న సాయంత్రమే మొదలైంది సార్, ఏమన్నా చల్లారిందేమో చూడండి."